నాస్ డ్రైవ్ సెక్యూరిటీ సెట్టింగులు ఒక్కసారి పెట్టి, మళ్ళీ చెడకుండా వాటంతటవే నిలబడేలా చేయడం ఎలా

"అన్నా, నిన్నటిదాకా బాగానే ఉన్నాది, రాత్రి అప్‌డేట్ ఏటో అయింది, పొద్దున్న చూస్తే జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు." బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గునుపురం, రాయగడ నుంచి ఇదే ఫోను వస్తూనే ఉంటుంది, ఎక్కువమంది ఫొటో స్టూడియోల వాళ్ళు, మిగిలినవాళ్ళు ఆడిటర్ ఆఫీసులు, జెరాక్స్ సెంటర్లు. జెడ్ డ్రైవ్ అంటే నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే డిస్క్ బాక్స్) లోని ఫోల్డర్‌ని సిస్టమ్‌లో ఒక డ్రైవ్‌లా కనబడేలా మ్యాప్ చేసుకున్నది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే కన్నా మొత్తం ఇక్కడ రాసేస్తే చూసి చేసుకుంటారని రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట. ఈ ఎర్ర మార్కు రాగానే చాలామంది యూట్యూబ్ వీడియో చూసి గెస్ట్ లాగిన్ (పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్ళడం) ఆన్ చేసేస్తారు, సైనింగ్ (అదేంటో కింద చెప్తా) ఆఫ్ చేసేస్తారు, డ్రైవ్ తెరుచుకుంటుంది, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అలా చెయ్యొద్దు. నాకు తెలిసిన ఒక స్టూడియోలో నాస్‌కి పాస్‌వర్డే లేదు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారు, ఒక సిస్టమ్‌కి రాన్సమ్‌వేర్ పట్టింది, అది నేరుగా నాస్‌లోకి పోయి పెళ్ళి ఫొటోల ఫోల్డర్లన్నీ పేర్లు మార్చి తాళం వేసేసింది. ఆల్బమ్ ఇంకా ఇవ్వని పెళ్ళిళ్ళు అవి. ఆ పెళ్ళికూతురి నాన్నకి ఏం చెప్పాలో తెలీక ఆ స్టూడియో ఆయన కుర్చీలో అలా కూర్చుండిపోయాడు, అది నేను కళ్ళారా చూశా. అందుకే చెప్తున్నా, తలుపు తెరుచుకోవట్లేదని గోడ పగలగొట్టకండి.

అసలు ఏమైందంటే, విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ 2024 అక్టోబరులో వచ్చింది. అందులో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఎస్‌ఎంబీ (విండోస్ సిస్టమ్, నాస్ ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) సైనింగ్ తప్పనిసరి చేశారు, ప్రోలో గెస్ట్ లాగిన్ కూడా డిఫాల్ట్‌గా మూసేశారు. సైనింగ్ అంటే నెట్‌వర్క్‌లో వెళ్ళే ప్రతి ముక్క మీదా లక్క సీలు వేసినట్టు, మధ్యలో ఎవరూ మార్చలేదని తెలుస్తుంది. ఆ సీలు పాస్‌వర్డ్ నుంచి తయారవుతుంది, గెస్ట్‌కి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి సీలూ ఉండదు, అందుకే గెస్ట్‌గా వెళ్ళే నాస్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. హోమ్ ఎడిషన్‌లో ఇది డిఫాల్ట్‌గా రాదు, అందుకే ఒకే షాపులో ఒక సిస్టమ్‌లో తెరుచుకుంటుంది, ఇంకో దాంట్లో తెరుచుకోదు. థియరీ ఇంతే చాలు.

కావలసినవి

- నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ (బాక్స్ కింద స్టిక్కర్ మీద ఉన్నదే ఇంకా వాడుతుంటే ఈరోజే మార్చండి).
- ప్రతి సిస్టమ్‌లోనూ అడ్మిన్ హక్కు ఉన్న లాగిన్.
- నాస్‌కి మారని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబరు). రౌటర్‌లో రిజర్వ్ చేసుకోండి, ఇక్కడ ఉదాహరణకి 192.168.1.50 అనుకుందాం.
- ఒక కాగితం మీద ఎవరికి ఏ ఫోల్డర్, చదవడానికా రాయడానికి కూడానా అన్న లిస్టు.
- జెరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ నేరుగా ఫోల్డర్‌లోకి పోతుంటే దాని మోడల్ నంబరు. ఇది మర్చిపోతే చివర్లో ఏడిపిస్తుంది.
- ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో పూర్తి బ్యాకప్, కాపీ అయ్యాక పీకేసి బీరువాలో పెట్టినది.
- షాపు మూసి ఉన్న ఒక పూట. పెళ్ళి సీజన్‌లోనో, ఠాకురాణి యాత్ర ఆర్డర్ల మధ్యలోనో మొదలెట్టకండి.

కమాండ్ల గురించి: ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నా, మీరు పవర్‌షెల్‌లో (విండోస్‌తో వచ్చే, కమాండ్లు కొట్టే విండో) ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. స్పెల్లింగ్ భయం వద్దు, మొదటి కొన్ని అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది, హైఫన్ కొట్టి ట్యాబ్ నొక్కితే ఆప్షన్ల పేర్లు కూడా ఒక్కొక్కటే చూపిస్తుంది.

1. ముందు ఇప్పుడు ఏముందో చూడండి

జెడ్ డ్రైవ్ తెరుచుకునే సిస్టమ్‌లో దాన్ని ఓపెన్ చేసి ఉంచి, పవర్‌షెల్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి:

గెట్-ఎస్‌ఎంబీకనెక్షన్ | సెలెక్ట్ సర్వర్‌నేమ్, యూజర్‌నేమ్, డయలెక్ట్, సైన్డ్, ఎన్‌క్రిప్టెడ్

డయలెక్ట్ దగ్గర 3.1.1 అనో 3.0.2 అనో ఉంటే మంచిది. 1.5 కనబడిందా, అది ఎస్‌ఎంబీ1, 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం పట్టుకునే. లిస్టు ఖాళీగా వస్తే కంగారు పడకండి, డ్రైవ్ తెరిచి లేకపోతే ఖాళీగానే వస్తుంది. ఈ రిజల్టు ఫొటో తీసి పెట్టుకోండి, చివర్లో పోల్చి చూడాలి.

2. నాస్ వైపు ముందు సరిచేయండి

ఇదే ఎక్కువమంది తిరగేసి చేస్తారు, ముందు సిస్టమ్‌లలో కట్టుదిట్టం చేసేసి తర్వాత నాస్ దగ్గరికి వెళ్తారు, ఈలోగా పని మొత్తం ఆగిపోతుంది. నాస్ ముందు, సిస్టమ్‌లు తర్వాత.

సైనాలజీ కంపెనీ నాస్ అయితే కంట్రోల్ ప్యానెల్, ఫైల్ సర్వీసెస్, ఎస్‌ఎంబీ, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్. మినిమమ్ ప్రోటోకాల్ ఎస్‌ఎంబీ2, మాగ్జిమమ్ ఎస్‌ఎంబీ3 పెట్టండి, సర్వర్ సైనింగ్ ఆన్ చేయండి. వేరే కంపెనీ బాక్స్ అయితే పేర్లు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, ఎస్‌ఎంబీ లేదా విండోస్ షేరింగ్ అన్న పేజీలో వెతకండి. ఫర్మ్‌వేర్ (బాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే ఇప్పుడే వేసేయండి.

పాత సిస్టమ్‌లో లైనక్స్ వేసి సాంబా (లైనక్స్‌లో ఎస్‌ఎంబీ షేరింగ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నవాళ్ళు కాన్ఫిగ్ ఫైల్‌లో గ్లోబల్ కింద మూడు లైన్లు చూడండి: సర్వర్ మిన్ ప్రోటోకాల్ = ఎస్‌ఎంబీ3, సర్వర్ సైనింగ్ = మాండేటరీ, మ్యాప్ టు గెస్ట్ = నెవర్. రాశాక టెస్ట్‌పార్మ్ కొట్టి తప్పుల్లేవని చూసుకున్నాకే సర్వీస్ రీస్టార్ట్ చేయండి. విండోస్ 7 సిస్టమ్ ఇంకా ఉంటే మొదటి లైన్‌తో అది బయటే ఉండిపోతుంది, దానికి ఎస్‌ఎంబీ3 రాదు.

తర్వాత యూజర్లు. అందరికీ ఒకటే అడ్మిన్ లాగిన్ ఇవ్వకండి, ఇది నేను బతిమాలి చెప్తున్నా. డిజైనర్‌కి ఒకటి, కౌంటర్‌లో కూర్చునేవాళ్ళకి ఒకటి, స్కానర్‌కి ఒకటి. డెలివరీ అయిపోయిన పాత పెళ్ళిళ్ళ ఫోల్డర్ అందరికీ చదవడానికి మాత్రమే ఉండాలి. సైనింగ్ పెట్టినా ఎన్‌క్రిప్షన్ పెట్టినా, రాసే హక్కున్న సిస్టమ్‌కి వైరస్ పడితే ఆ వైరస్ కూడా హక్కుగానే రాస్తుంది, అక్కడ కాపాడేది ఈ హక్కుల విభజన, నాస్‌లో స్నాప్‌షాట్ (ఫోల్డర్ పాత స్థితిని దాచి ఉంచేది) ఆప్షన్ ఉంటే అదీ, బీరువాలో డిస్కూ, ఈ మూడే.

అలాగే రౌటర్‌లో పోర్ట్ 445 (ఎస్‌ఎంబీ నడిచే దారి) బయటికి ఫార్వర్డ్ అయి ఉందేమో చూసి ఉంటే తీసేయండి. ఇంట్లోంచి ఫైల్స్ చూడాలని ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసి ఉంటారు. ఇంటి నుంచి కావాలంటే వీపీఎన్ (బయటి నుంచి షాపు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) పెట్టుకోవాలి.

3. స్క్రిప్ట్ ఫైల్ రాసుకోండి

చేత్తో పెట్టిన సెట్టింగ్ నిలవదు. ఎవరో ఒకరు వచ్చి ప్రింటర్ కోసం మార్చేస్తారు, సిస్టమ్ ఫార్మాట్ చేస్తే పోతుంది, కొత్త సిస్టమ్ కొంటే అందులో పెట్టడం మర్చిపోతారు. అందుకే ప్రతి రోజూ సిస్టమ్ ఆన్ అయినప్పుడు దానంతట అదే చూసుకుని, మారి ఉంటే సరిచేసుకునేలా పెడుతున్నాం.

సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఒక ఫోల్డర్ చేసి, నోట్‌ప్యాడ్‌లో ఈ లైన్లు రాసి, డాట్ పీఎస్1 ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేయండి:

$ఎర్రర్‌యాక్షన్‌ప్రిఫరెన్స్ = 'స్టాప్'

సెట్-ఎస్‌ఎంబీక్లయింట్‌కాన్ఫిగరేషన్ -రిక్వైర్‌సెక్యూరిటీసిగ్నేచర్ $ట్రూ -ఫోర్స్

సెట్-ఎస్‌ఎంబీక్లయింట్‌కాన్ఫిగరేషన్ -ఎనేబుల్‌ఇన్‌సెక్యూర్‌గెస్ట్‌లాగాన్స్ $ఫాల్స్ -ఫోర్స్

సెట్-ఎస్‌ఎంబీసర్వర్‌కాన్ఫిగరేషన్ -రిక్వైర్‌సెక్యూరిటీసిగ్నేచర్ $ట్రూ -ఎనేబుల్‌ఎస్‌ఎంబీ1ప్రోటోకాల్ $ఫాల్స్ -ఫోర్స్

గెట్-డేట్ | అవుట్-ఫైల్ సీ:\లాగ్\ఎస్‌ఎంబీ.టీఎక్స్‌టీ -అపెండ్

గెట్-ఎస్‌ఎంబీక్లయింట్‌కాన్ఫిగరేషన్ | అవుట్-ఫైల్ సీ:\లాగ్\ఎస్‌ఎంబీ.టీఎక్స్‌టీ -అపెండ్

లాగ్ అనే ఫోల్డర్ ముందే చేసి పెట్టండి, లేకపోతే చివరి రెండు లైన్లు ఆగిపోతాయి. మొదటి లైన్ మాత్రం తీసెయ్యకండి. అది లేకపోతే మధ్యలో ఒక కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్ ముందుకు వెళ్ళిపోతుంది, 6వ మెట్టులో పెట్టబోయే టాస్క్ షెడ్యూలర్‌లో సక్సెస్ అని చూపిస్తుంది, లోపల మాత్రం ఏమీ అవ్వదు.

ఇక్కడ మూడు హెచ్చరికలు. పాస్‌వర్డ్ ఈ ఫైల్లో ఎక్కడా రాయకూడదు. రెండోది, స్క్రిప్ట్‌ని నాస్‌లో పెట్టి అక్కణ్ణుంచి రన్ చేయకండి, "ఒక్క చోట మారిస్తే అన్నింట్లో మారుతుంది కదా" అని అడుగుతారు, నిజమే, కానీ ఆ ఫోల్డర్లో రాయగలిగినవాడు మీ అన్ని సిస్టమ్‌లకీ యజమాని అయిపోతాడు, ఎందుకంటే ఈ ఫైలు విండోస్ సొంత, అన్ని హక్కులూ ఉన్న "సిస్టమ్" అనే అకౌంట్ హక్కుతో నడుస్తుంది. సీ డ్రైవ్ రూట్‌లో కాకుండా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టమన్నది కూడా ఇందుకే, అక్కడ మామూలు యూజర్ రాయలేడు. మూడోది మన ప్రాంతానికి బాగా తగిలేది, ఫోల్డర్ల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో పెట్టేవాళ్ళు ఉన్నారు, ఆ పేరు స్క్రిప్ట్‌లో రాస్తే విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 పిచ్చి అక్షరాలుగా చదువుతుంది. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 విత్ బీఓఎం ఎంచుకోండి, లేదా షేర్ (నాస్‌లో బయటికి కనబడే పై ఫోల్డర్) పేరు వరకు ఇంగ్లీషులో పెట్టి లోపల ఫోల్డర్లు మీ ఇష్టం వచ్చిన భాషలో ఉంచుకోండి, నేనైతే రెండోదే చేస్తా.

గెస్ట్ లైన్‌కి ఎర్రర్ వస్తే, ఆ విండోస్ వెర్షన్‌లో ఆ ఆప్షన్ లేదన్నమాట. ఆ లైన్ స్క్రిప్ట్‌లోంచి తీసేసి, రిజిస్ట్రీలో లాన్‌మాన్‌వర్క్‌స్టేషన్ కింద పారామీటర్స్‌లో అలౌఇన్‌సెక్యూర్‌గెస్ట్‌ఆథ్ విలువ 0 పెట్టినా అదే పని అవుతుంది. విండోస్ 10 వాళ్ళకి ఒక మాట, 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది, సెట్టింగులు పెట్టుకోండి గానీ సిస్టమ్ మార్చే ఆలోచన కూడా చేయండి.

4. ఒక్క సిస్టమ్‌లోనే ట్రై చేయండి

అన్నింట్లో ఒకేసారి వద్దు. తక్కువ పని ఉన్న సిస్టమ్‌లో అడ్మిన్ పవర్‌షెల్ తెరిచి స్క్రిప్ట్ రన్ చేయండి. "రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిసేబుల్డ్" అని వస్తే సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ రిమోట్‌సైన్డ్ అని కొట్టండి. ఫైల్ వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపించుకుని ఉంటే దాని ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి, లేకపోతే అప్పటికీ నడవదు.

రన్ అయ్యాక సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. పాత కనెక్షన్ తెరిచి ఉంటే పాత పద్ధతిలోనే నడుస్తుంటుంది, కొత్త సెట్టింగ్ కొత్త కనెక్షన్‌కే పడుతుంది, చాలామంది రీస్టార్ట్ చేయకుండానే "బాగానే పని చేస్తున్నాది" అనేసి వెళ్ళిపోతారు, మర్నాడు పొద్దున్న ఫోను.

5. డ్రైవ్ మళ్ళీ మ్యాప్ చేయండి

ముందు కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి నాస్ పేరుతోనూ ఐపీతోనూ ఉన్న పాత ఎంట్రీలు తీసేయండి. తర్వాత నెట్ యూజ్ జెడ్: /డిలీట్. ఇప్పుడు మామూలు పవర్‌షెల్ తెరిచి, అడ్మిన్‌ది కాదు, మామూలుది, ఇది కొట్టండి:

న్యూ-ఎస్‌ఎంబీమ్యాపింగ్ -లోకల్‌పాత్ జెడ్: -రిమోట్‌పాత్ \\192.168.1.50\ఫొటోస్ -పర్సిస్టెంట్ $ట్రూ -రిక్వైర్‌ఇంటెగ్రిటీ $ట్రూ

ఎందుకు మామూలుదంటే, అడ్మిన్ విండోలో మ్యాప్ చేసిన డ్రైవ్ మామూలు ఎక్స్‌ప్లోరర్‌లో కనబడదు, "మ్యాప్ అయింది అంటున్నాది కానీ డ్రైవ్ లేదు" అని వచ్చే ఫోన్లన్నీ ఇదే. ఈ కమాండ్ కొట్టే ముందే యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ సేవ్ చేయడానికి ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో అదే అడ్రస్ కొట్టి, లాగిన్ అడిగినప్పుడు రిమెంబర్ టిక్ పెడితే చాలు. అడ్రస్ మాత్రం ఎప్పుడూ ఒకేలా వాడండి. ఐపీతో సేవ్ చేసిన పాస్‌వర్డ్ నాస్ పేరుతో తెరిస్తే పనికిరాదు.

ఎన్‌క్రిప్షన్ కావాలంటే ఇంటెగ్రిటీ బదులు రిక్వైర్‌ప్రైవసీ $ట్రూ పెట్టండి, నాస్‌లో కూడా ట్రాన్స్‌పోర్ట్ ఎన్‌క్రిప్షన్ ఆన్ ఉండాలి, ఎస్‌ఎంబీ3 అయితేనే కుదురుతుంది. నా అభిప్రాయం అడిగితే సైనింగ్ అన్ని చోట్లా, ఎన్‌క్రిప్షన్ మాత్రం వైఫై మీద నడిచే ల్యాప్‌టాప్‌లకీ, కస్టమర్ల ఆధార్ కాపీలు, అకౌంట్లు ఉండే ఫోల్డర్‌కీ. చిన్న నాస్ బాక్సుల్లో ప్రాసెసర్ బలం తక్కువ, వీడియో ఎడిటింగ్ చేసే ఫోల్డర్ మీద ఎన్‌క్రిప్షన్ పెడితే స్పీడ్ పడిపోవచ్చు. ఒక పెద్ద వీడియో ఫైల్ ముందొకసారి తర్వాతొకసారి కాపీ చేసి చూసుకోండి, గిగాబిట్ వైర్ మీద సెకనుకి 110 ఎంబీ దగ్గర రావడం మంచి స్పీడు.

6. టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టండి

క్రియేట్ బేసిక్ టాస్క్ కాదు, క్రియేట్ టాస్క్. జనరల్‌లో యూజర్ దగ్గర ముందు చెప్పిన "సిస్టమ్" అకౌంట్, రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్ టిక్. ట్రిగ్గర్స్‌లో రెండు పెట్టండి: ఎట్ స్టార్టప్, రెండు నిమిషాల ఆలస్యంతో ఒకటి, రోజూ మధ్యాహ్నం ఒకటి. యాక్షన్‌లో ప్రోగ్రామ్ పవర్‌షెల్.ఎగ్జీ, ఆర్గ్యుమెంట్స్‌లో -నోప్రొఫైల్ -ఎగ్జిక్యూషన్‌పాలసీ రిమోట్‌సైన్డ్ -ఫైల్, ఆ తర్వాత స్క్రిప్ట్ పూర్తి అడ్రస్ డబుల్ కోట్స్ మధ్య. ప్రోగ్రామ్ ఫైల్స్ పేరులో ఖాళీ ఉంది కదా, కోట్స్ లేకపోతే పగిలిపోతుంది.

కండిషన్స్‌లో ఏసీ పవర్ ఉన్నప్పుడే స్టార్ట్ అన్న టిక్ తీసేయండి, ల్యాప్‌టాప్‌లకి అది అడ్డం. సెట్టింగ్స్‌లో "షెడ్యూల్ తప్పితే వీలైనంత త్వరగా రన్ చేయి" అన్నది టిక్ చేయండి. కరెంటు పోయి సిస్టమ్ ఆగి ఉన్న టైములో తప్పిన టాస్క్ కరెంటు వచ్చాక నడవాలంటే ఇది ఉండాలి.

డ్రైవ్ మ్యాపింగ్ లైన్‌ని మాత్రం ఈ టాస్క్‌లో కలపకండి. సిస్టమ్ అకౌంట్‌కి మీ యూజర్ డ్రైవ్ కనబడదు, ఆ యూజర్ పాస్‌వర్డ్ కూడా దానికి తెలీదు. పర్సిస్టెంట్ పెట్టాం కాబట్టి లాగిన్‌లో అదే వస్తుంది.

పది, ఇరవై సిస్టమ్‌లు ఉన్నవాళ్ళు, డొమైన్ (సిస్టమ్‌లన్నీ ఒకే సర్వర్ కింద ఉండే ఏర్పాటు) ఉంటే ఇవన్నీ గ్రూప్ పాలసీలో పెట్టేయండి, అది ఇంకా శుభ్రం. డొమైన్ లేకపోతే టాస్క్‌ని ఒక సిస్టమ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి మిగతా వాటిలో ఇంపోర్ట్ చేసుకోండి, స్క్రిప్ట్ ఫైల్ కూడా అదే అడ్రస్‌లో పెట్టడం మర్చిపోకండి.

7. నిజంగా పని చేస్తోందా చూడటం

లాస్ట్ రన్ రిజల్ట్ దగ్గర 0x0 చూసి సంబరపడొద్దు. ఇలా చెక్ చేయండి:

డ్రైవ్ తెరిచి 1వ మెట్టులోని కమాండ్ మళ్ళీ కొట్టండి, సైన్డ్ లేదా ఎన్‌క్రిప్టెడ్ దగ్గర ట్రూ రావాలి, యూజర్‌నేమ్ మీరిచ్చిందే ఉండాలి. పొద్దున తీసిన ఫొటో పక్కన పెట్టి చూడండి.

తర్వాత కావాలనే చెడగొట్టండి. అడ్మిన్ పవర్‌షెల్‌లో సైనింగ్ $ఫాల్స్ చేసి, రీస్టార్ట్ కొట్టి, మూడు నిమిషాలు ఆగి గెట్-ఎస్‌ఎంబీక్లయింట్‌కాన్ఫిగరేషన్ చూడండి. మళ్ళీ ట్రూ అయిపోయి ఉండాలి. కాకపోతే టాస్క్ నడవట్లేదు, 6వ మెట్టు మళ్ళీ చూసుకోండి, ఎక్కువసార్లు కోట్స్ దగ్గరే తప్పు ఉంటుంది.

మూడోది, షాపు వైఫై ఉన్న ఏదైనా కొత్త ఫోన్‌లో ఫైల్ మేనేజర్ నుంచి నాస్‌కి గెస్ట్‌గా వెళ్ళి చూడండి. లోపలికి రానిస్తే నాస్‌లో గెస్ట్ ఇంకా తెరిచే ఉంది.

వచ్చే ఎర్రర్లు

0xసి000ఎ000, క్రిప్టోగ్రాఫిక్ సిగ్నేచర్ ఇన్‌వ్యాలిడ్ అని వస్తే నాస్‌కి సైనింగ్ రావట్లేదు, నాస్ సెట్టింగ్, ఫర్మ్‌వేర్ చూడండి. 1219 అంటే ఒకే నాస్‌కి రెండు యూజర్ పేర్లతో కనెక్ట్ అవుతున్నారు, నెట్ యూజ్ * /డిలీట్ కొట్టి మళ్ళీ మొదలెట్టండి. 1326 అంటే యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ తప్పు. 0x80070035 అంటే దారి దొరకలేదని రాస్తుంది గానీ గెస్ట్ ఆపేసినప్పుడు కూడా ఇదే వస్తుంది, కేబుల్ మార్చే ముందు ఈవెంట్ వ్యూయర్‌లో ఎస్‌ఎంబీక్లయింట్, సెక్యూరిటీ లాగ్ తెరవండి, 31017 నంబరు ఉంటే అది గెస్ట్ గొడవే, నాస్‌లో యూజర్ చేసుకుంటే పోతుంది.

జెరాక్స్ మెషీన్ సంగతి

సిస్టమ్‌లన్నీ బాగుపడ్డాక స్కాన్ ఆగిపోతుంది. పాత మెషీన్లు కొన్ని ఎస్‌ఎంబీ1 మాత్రమే మాట్లాడతాయి, కొన్నిటికి సైనింగ్ రాదు. వాటి కోసం నాస్ మొత్తాన్ని వెనక్కి తిప్పకండి. మొదట మెషీన్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం సర్వీస్ వాళ్ళని అడగండి. కుదరకపోతే స్కాన్ టు ఈమెయిల్ పెట్టండి. అదీ లేదంటే నాస్‌లో ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే ఇంకో పాత పద్ధతి) ఆన్ చేసి, స్కానర్‌కి విడిగా ఒక యూజర్, వాడికి స్కాన్ ఫోల్డర్ ఒక్కటే, ఇంకేమీ కనబడకుండా. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ బాహాటంగా వెళ్తుంది కాబట్టి ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు, బయటి నెట్‌కి అస్సలు తెరవకూడదు, ఆ ఫోల్డర్లోని స్కాన్లు రోజూ సాయంత్రం అసలు చోటికి మార్చుకుని ఖాళీ చేసేయండి.

ఏ మెషీన్ ఇంకా పాత ప్రోటోకాల్‌తో తలుపు తడుతోందో తెలీకపోతే, షేర్ ఇచ్చే సిస్టమ్ విండోస్‌దే అయితే సెట్-ఎస్‌ఎంబీసర్వర్‌కాన్ఫిగరేషన్ -ఆడిట్‌ఎస్‌ఎంబీ1యాక్సెస్ $ట్రూ పెట్టి ఒక వారం వదిలేయండి. ఎస్‌ఎంబీసర్వర్ ఆడిట్ లాగ్‌లో 3000 నంబరు ఈవెంట్‌లో ఆ మెషీన్ ఐపీ ఉంటుంది, రౌటర్ లిస్టులో ఆ ఐపీ ఎవరిదో చూసుకుని నేరుగా దాని దగ్గరికే వెళ్ళొచ్చు.